మాస్టారు వాక్యం చదివిన క్రిస్మస్

మొన్న సాయంత్రం మా అపార్ట్‌మెంట్ మెట్లెక్కి ఎనిమిది మంది పిల్లలు పాటలు పాడటానికి వచ్చారు. నెత్తిన ఎర్ర టోపీలు, ఒకడి భుజాన గిటారు, ఇంకొకరి చేతిలో బ్యాటరీతో వెలిగే నక్షత్రం. లిఫ్టు పాడైపోయి నాలుగంతస్తులూ నడిచి వచ్చారు కాబట్టి ముందు మంచినీళ్ళు ఇచ్చాను. వాళ్ళను తీసుకొచ్చిన అమ్మాయి చేతిలోని కాగితం చూసుకుంటూ మర్యాదగానే అడిగింది.

"ఆంటీ, మీరు బిలీవర్సా?"

నిలబడి ఉండటమే కష్టంగా ఉంది నాకు. "పాడండమ్మా, వింటాను" అన్నాను. వాళ్ళు రెండు పాటలు పాడి, ప్లాస్టిక్ కవర్లో కేకు ముక్క చేతిలో పెట్టి పై అంతస్తుకు వెళ్ళిపోయారు. తలుపు వేసి కుర్చీలో కూలబడ్డాను. మేము బందరు వచ్చేసి ఇన్నేళ్ళయినా డిసెంబరు చివరికొచ్చేసరికి నా ఒంట్లో ఓపిక ఉండదు. పండగలంటే అమ్మకు విసుగు అనుకుంటారు మా పిల్లలు. విసుగు కాదు. చిన్నప్పటి క్రిస్మస్ ఒకటి ఉంది. అది గుర్తొస్తే చాలా దూరం నడిచి వచ్చినట్టు అలిసిపోతాను.

మా ఊరు కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే వస్తుంది. గాలి తిరిగినప్పుడు మా పెరట్లో ఆరేసిన బట్టలు ఉప్పు వాసన వేసేవి. ఊళ్ళో డాబాలు రెండే. ఒకటి సొసైటీ గోడౌను, రెండోది మాది. మా తాత ఎత్తుగా అరుగు లేపి కట్టించిన ఇంటి మీద ఒకే ఒక్క గది ఉండేది. దానికి మెట్లు బయటినుంచి. నాన్న ఊళ్ళో బళ్ళో మాస్టారు. నాలుగెకరాల పొలం ఉండేది. దేవుడు లేడని చెప్పే మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. చెప్పడం కూడా గట్టిగా చెప్పేవాడు కాదు. గుళ్ళో ప్రసాదం పెడితే తిని, బాగుంది అని చెయ్యి కడుక్కునేవాడు.

కాలవకి అవతల పేటలో చిన్న చర్చి ఉండేది. మట్టి గోడలు, పెంకులు. అక్కడి పాస్టరుగారు రోజూ సాయంత్రం పేపరు చదవడానికి మా అరుగు మీదికి వచ్చేవారు. పేపరు చదవడం పావుగంట, నాన్నతో వాదన రెండు గంటలు. దేవుడుంటే కాలవకి నీళ్ళు చివరిదాకా ఎందుకు రావు అని నాన్న అడిగేవాడు. లాకుల దగ్గర మనుషులుంటారు కదండీ మాస్టారూ, దేవుడు కాదు కదా అనేవారు ఆయన. ఇద్దరూ నవ్వుకునేవారు. మేం పిల్లలం ఆ వాదన వింటూ నిద్రపోయేవాళ్ళం.

పాస్టరుగారి భార్యను అందరూ పాస్టరమ్మ అనేవారు. ఆమెకు పిల్లల్లేరు. మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చి నాకూ మా చెల్లికీ గొలుసుకుట్టు నేర్పేది. దారం కొసను పంటితో తెంపుతూ ఆమె ఒకసారి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: "మీ నాన్నగారికి దేవుడంటే కోపం కాదమ్మా, మొహమాటం."

క్రిస్మస్ వస్తే ఆమె మా ఇంటికి పళ్ళెం పంపేది. అరిసెలు, జంతికలు, పైన తెల్లటి గుడ్డ. మా నాయనమ్మ ఆ పళ్ళేన్ని రెండు చేతులా అందుకునేది, ఎంతో మర్యాదగా మాట్లాడేది, పళ్ళెంలో నాలుగు అరటిపళ్ళు పెట్టి తిరిగి పంపేది. వచ్చినవాళ్ళు గేటు దాటగానే ఆ అరిసెలన్నీ గేదె తొట్టిలో పారేయించేది. పేటలో వండింది మా వీధిలో ఎవరూ తినని రోజులవి. పండగ పూట ఇంటికొచ్చినదాన్ని కాదనకూడదు, అలాగని కడుపులోకీ పోకూడదు. అది ఆమె చట్టం.

ఆ పని నేను చేస్తానని ప్రతిసారీ నేనే ముందుకొచ్చేదాన్ని. నాయనమ్మ నా భక్తికి మురిసిపోయేది. నేనూ చెల్లీ పాకలో తొట్టి వెనక కూర్చుని, కుడితి వాసనలో, ఒక్కో అరిసె రెండు ముక్కలు చేసుకుని తినేవాళ్ళం. గేదె మా వైపే చూస్తుండేది. దాని వాటా కింద చివరి ముక్క దానికి పెట్టేవాళ్ళం. ఒకసారి నాన్న పాకలోకి వచ్చి మమ్మల్ని చూశాడు. తిడతాడనుకున్నాం. ఒక అరిసె అందుకుని స్తంభానికి ఆనుకుని తిని, వేళ్ళు నాక్కుని, నాయనమ్మకి చెప్పొద్దన్నాడు.

ఆ ఏడు వరి కోతకొచ్చింది. అప్పుడే ఉప్పెన వచ్చింది.

దాని గురించి ఎక్కువ చెప్పలేను. సాయంత్రానికే గాలి పెరిగింది. చీకటి పడ్డాక నీళ్ళు వచ్చాయి, కాలవ పొంగినట్టు కాదు, గోడ నడిచి వచ్చినట్టు. అప్పటికే సగం వీధి మా మేడ గదిలోకి చేరింది. నలభై మంది ఉన్నామని తర్వాత లెక్క తేల్చారు. పిల్లల్ని భుజాల మీద నిలబెట్టుకున్నారు. తలుపు గాలికి ఊడిపోకుండా నాన్న, ఇంకో ఇద్దరు వీపులు ఆనించి నిలబడ్డారు. ఎప్పుడో, ఏ వేళో తెలియదు, తలుపు మీద చప్పుడైంది. మూడుసార్లు. గాలికి కొట్టుకొచ్చిన కొమ్మ కావచ్చు. చెయ్యి కావచ్చు. నాన్న గడియ మీద చెయ్యి వేశాడు. తీస్తే తలుపు మళ్ళీ పడదు మాస్టారూ, అందరం పోతాం అని పక్కనున్నాయన అన్నాడు. నాన్న చెయ్యి కాసేపు గడియ మీదే ఉంది. తర్వాత తీసేశాడు. నేను అమ్మ చంక కింద నక్కి ఉన్నాను. నాకు ఆ చెయ్యి తప్ప ఇంకేం కనపడలేదు.

మళ్ళీ చప్పుడు కాలేదు.

తెల్లవారాక ఊరు లేదు. పాస్టరుగారు కాలవ గట్టు మీది తాటిచెట్టు పట్టుకుని బతికారు. పేటలో ముసలివాళ్ళను గోడౌనుకు చేరుస్తూ, భార్యను మాత్రం మాస్టారి మేడకి వెళ్ళమని ముందే పంపించారట. ఆమె బయల్దేరిందని చూసినవాళ్ళు చెప్పారు. మూడో రోజున ఆమె మా వీధి చివర కంపచెట్ల దగ్గర దొరికింది. మా ఇంటికి వచ్చే దారే అది.

ఆ నెలంతా వాసనలే గుర్తు. కుళ్ళిన వరి, కాలుస్తున్న పశువులు, బ్లీచింగ్ పౌడరు, తడి పుస్తకాలు. గోడలు మిగిలిన బళ్ళో సముద్రం ఒడ్డు పల్లెల వాళ్ళు వచ్చి తలదాచుకున్నారు. అందరికీ ఒకే చోట పొయ్యి. పేటవాళ్ళు గంజి కాస్తే మా వీధివాళ్ళు సత్తు గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడేవారు. నాయనమ్మ కూడా నిలబడింది. ఆ మొదటి రోజు ఆమె గంజి తాగుతూ నా వైపు చూడలేదు. పాకా లేదు, గేదే లేదు.

నాన్నా పాస్టరుగారూ రోజూ కలిసే పనిచేసేవారు. బస్తాలు దింపించడం, పేర్లు రాయడం, గోతులు తవ్వించడం. ఒకరితో ఒకరు పనికి సరిపడా మాటలే మాట్లాడేవారు. ఆ తర్వాత ఎన్నడూ వాళ్ళిద్దరూ దేవుడి గురించి వాదించుకోగా నేను వినలేదు.

డిసెంబరులో ఒక సాయంత్రం పాస్టరుగారు మా అరుగు మీదికి వచ్చారు. నాన్న జరిగి చోటిచ్చాడు. తర్వాత ఆయన క్రిస్మస్ వస్తోందని చెప్పారు. పేటలో పెద్దలు వద్దంటున్నారట. అన్నీ చావు ఇళ్ళే, ఏడాది తిరిగేదాకా పండగేంటి అంటున్నారట. పండగ చెయ్యనని, నక్షత్రం కట్టనని, పాటలు కూడా వద్దని, బైబిలు వాక్యం చదివి ఉన్నది వండుకుని అందరూ కలిసి తింటే చాలని ఆయన వాళ్ళకు చెప్పారట. బళ్ళో ఉన్నవాళ్ళనీ, మా వీధివాళ్ళనీ కూడా పిలిచారు.

"వాక్యం మాత్రం మీరు చదవాలి మాస్టారూ" అన్నారు. "నా కళ్ళజోడు నీళ్ళల్లో పోయింది."

నాన్న ఆయన మొహంలోకి చూశాడు. "నమ్మనివాడి చేత చదివిస్తారా?"

"అక్షరాలు చదవడానికి నమ్మకం ఎందుకండీ."

నాన్న వస్తానన్నాడు.

ఈ సంగతి విని అమ్మ భయపడింది, ఎందుకో చెప్పలేదు. నాయనమ్మ మాత్రం పోదాం పదండి అంది. పోయినవాళ్ళకి పెట్టుకున్నట్టు అనుకుందాం, దానికి కులమేంటి, దేవుడేంటి అంది. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని ఎవరం అనుకోలేదు.

క్రిస్మస్ పొద్దున్న చర్చికి వెళ్ళాం. కప్పు లేదు. గోడలు రెండే నిలబడ్డాయి. మంచు ఇంకా వదల్లేదు, పైనుంచి తెల్లటి ఎండ పడుతోంది. తాటాకు చాపల మీద పేటవాళ్ళు, మా వీధివాళ్ళు, చేపలు పట్టే పల్లెల వాళ్ళు ఎక్కడ జాగా దొరికితే అక్కడ కూర్చున్నారు. అందరి ఒంటి మీదా ఎవరివో పాత బట్టలే. విజయవాడ నుంచి మూటల్లో వచ్చినవి. నాన్న చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. గోడ పక్కన పెద్ద డేగిసాలో పాలపొడితో పరమాన్నం ఉడుకుతోంది. బెల్లం వాసన వచ్చి నెల దాటింది మాకు. పిల్లలందరి మొహాలూ అటే ఉన్నాయి. దేవుడి వైపు ఎవరం చూడలేదు.

నీళ్ళలో నాని, ఎండలో ఆరి, లావుగా ఉబ్బిపోయిన గ్రంథాన్ని పాస్టరుగారు నాన్న చేతిలో పెట్టారు. నాన్న బళ్ళో పాఠం చదివినట్టే చదవడం మొదలుపెట్టాడు. పేర్లు రాయించుకోవడానికి జనమంతా ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళడం, నిండు నెలల మనిషిని తీసుకుని ఒకాయన అంత దూరం ప్రయాణం చెయ్యడం. నేను ముందు వరసలో ఉన్నాను. పాస్టరుగారి పెదాలు నాన్న కంటే ఒక మాట ముందుగా కదులుతున్నాయి. ఆయనకు అదంతా కంఠతా వచ్చని నాకు అర్థమైంది. మరి తనే ఎందుకు చెప్పలేదో అర్థం కాలేదు.

బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారని వచ్చింది. నాకు తొట్టి తెలుసు. దాని అంచు ఎంత గరుకో, లోపల ఎంత చల్లగా ఉంటుందో తెలుసు. పసిబిడ్డను అందులో ఎందుకు పెట్టారా అనుకున్నాను. ఎందుకో వెంటనే తర్వాతి మాటలోనే ఉంది. సత్రంలో వాళ్ళకు చోటు దొరకలేదు.

నాన్న ఆ మాట సగం చదివి ఆగిపోయాడు.

గొంతు సవరించుకుంటున్నాడనుకున్నాం. కాదు. కళ్ళు ఆ పంక్తి మీదే ఉన్నాయి. మేడ గదిలో ఆ రాత్రి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తల దించుకున్నారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె ఎందుకు భయపడిందో నాకు అప్పుడు తెలిసింది. డేగిసా దగ్గర గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

పాస్టరుగారు తల ఎత్తకుండానే మెల్లగా అన్నారు.

"చదవండి మాస్టారూ. అక్కడితో అయిపోలేదు."

నాన్న చదివాడు. గొర్రెల కాపరుల దాకా, వాళ్ళు వచ్చి చూసి వెళ్ళేదాకా చదివాడు. గొంతు మాత్రం బళ్ళో గొంతు కాదు. ఒక్కో మాటా బరువైన బస్తాను పక్కకు జరిపినట్టు చదివాడు. అయిపోయాక పుస్తకం మూసి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

నాయనమ్మ పక్కన హంసలదీవి వైపు నుంచి వచ్చిన ఒకామె కూర్చుని ఉంది. ఉప్పెనలో ఆమె చేతుల్లోంచే బిడ్డ పోయాడని బళ్ళో అందరికీ తెలుసు. నెల రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మనిషి. వాళ్ళ దేవత గంగమ్మ. ఈ కథ ఆమె పుట్టాక ఎప్పుడూ విని ఉండదు. ఆమె నాయనమ్మ వైపు తిరిగి అడిగింది.

"ఆ పిల్లోడు బతికాడా అమ్మా?"

నాయనమ్మకూ ఆ కథ తెలియదు. అయినా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"బతికాడే తల్లీ. శుభ్రంగా బతికాడు."

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. నెల రోజుల తర్వాత మొదటిసారి. నాయనమ్మ ఆమె తలను తన ఒళ్ళోకి లాక్కుని పెట్టుకుంది. ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపటికి విస్తళ్ళు వేశారు. పరమాన్నం అడుగంటి మాడు వాసన వేస్తోంది, పాలపొడి ఉండలు కట్టింది. ఆ రోజు దాన్ని తినని మనిషి లేడు. నాయనమ్మ ఆమెకు తినిపించి, అదే విస్తట్లో తనూ తింది.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. బతికినవాళ్ళు బతికారు. పొలాల్లో ఉప్పు దిగడానికి చాలా కాలం పట్టింది. తర్వాతి కాలంలో వరి పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. మా నాలుగెకరాలూ చెరువైపోయాయి. ఆ ఇల్లు కూల్చేసి ఎవరో కొత్తగా కట్టుకున్నారు. మేం బందరు వచ్చేశాం. నాన్న గుడికి గానీ చర్చికి గానీ దణ్ణం పెట్టగా నేను చూడలేదు. కానీ ప్రతి క్రిస్మస్‌కీ పొద్దున్నే బస్సెక్కి, అవనిగడ్డలో మారి, ఊరికి వెళ్ళి, చర్చిలో ఆఖరి వరసలో కూర్చుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. ఎందుకని అమ్మ అడిగితే, ఆయన్ని చూసొద్దామని అనేవాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ఏం మాట్లాడుకుంటాం అనేవాడు.

నాన్న మంచాన పడిన ఏడాది, క్రిస్మస్ మధ్యాహ్నం గుమ్మంలో చేతికర్రతో పాస్టరుగారు నిలబడి ఉన్నారు. పొద్దున ఆరాధన ముగించుకుని, ఆ వయసులో ఒక్కరే రెండు బస్సులు మారి వచ్చారు. మీరు రాలేదుగా, అందుకని వచ్చాను అన్నారు. మంచం పక్కన కుర్చీ వేశాను. నేను వంటింట్లో టీ పెడుతుంటే వాళ్ళ మాటలు వినపడ్డాయి.

ఆ మాట నాన్నే ఎత్తాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"ఆ రాత్రి తలుపు మీద చప్పుడైందండీ. నేను తియ్యలేదు."

"తెలుసండీ. లోపల నలభై మంది ఉన్నారు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ మర్నాడే. మీ వీధివాళ్ళే చెప్పారు."

"తెలిసీ నా చేత చదివించారా?"

టీ పొంగబోతుంటే స్టవ్ తగ్గించి నిలబడ్డాను.

"మిమ్మల్ని బాధపెట్టాలని కాదండీ. ఆమె పోయాక ఆ పుస్తకంలో ఒక్క మాట కూడా నమ్మలేకపోయాను. జనమేమో నా మొహం చూస్తున్నారు. నా నోటితో చదివితే అబద్ధం అయిపోతుందనిపించింది. మీరైతే నమ్మకుండానే చదువుతారు, అందులో అబద్ధం ఉండదనుకున్నాను. కళ్ళజోడు అనేది సాకు."

"ఆ రోజు మీ జేబులో కనపడుతూనే ఉంది" అన్నాడు నాన్న.

ఇద్దరూ నవ్వారు. అరుగు మీద నవ్విన నవ్వు కాదు, ఓపిక లేని నవ్వు. తర్వాత నాన్న అడిగాడు.

"మరి ఇప్పుడు? నమ్ముతారా?"

"కొన్ని రోజులు నమ్ముతానండీ. మిగతా రోజులు కూడా పొద్దున్నే లేచి చర్చి ఊడుస్తాను."

నాన్న ఏమన్నాడో నాకు సరిగా వినపడలేదు. రెండు గ్లాసుల్లో టీ పోసుకుని వెళ్ళేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. నాన్న మంచం మీద, ఆయన కుర్చీలో, తల ఒక పక్కకు వాలిపోయి. పాస్టరుగారి చెయ్యి మంచం పట్టె మీద ఉంది. దాని మీద నాన్న చెయ్యి ఉంది. వీధిలో ఎక్కడో మైకు మోగుతోంది, అది వాళ్ళను కదపలేదు. ఎవరు నమ్మినవాళ్ళో, ఎవరు నమ్మనివాళ్ళో, ఎరగని మనిషి వచ్చి చూస్తే చెప్పలేకపోయేవాడు. ఇద్దరు ముసలివాళ్ళు, బాగా అలిసిపోయారు, అంతే చెప్పేవాడు.

గ్లాసులు బల్ల మీద పెట్టి పక్కనే నేల మీద కూర్చున్నాను. టీ చల్లారి పైన తొరక కట్టింది. వాళ్ళను లేపలేదు.